చుక్కలపెట్ట తొమ్మిది బాతులు

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, అది ఊరు కూడా కాదురా కన్నా, నాలుగు పక్కలా నీళ్ళున్న లంక. ఆ లంకలో ముప్పై ఇళ్ళు. అందులో ఒక ఇంట్లో నాంచారి అని పన్నెండేళ్ళ పిల్ల ఉండేది. దానికో తమ్ముడు, ఏడుకొండలు. పక్కింట్లో ఓ నేస్తం, మరియమ్మ.

ఈ ముగ్గురూ చదివే బడి అవతలి గట్టు మీద ఉంది. దాటాలంటే పెద్ద పడవ ఒక్కటే దిక్కు. ఆ పడవేమో నిండా జనం ఎక్కితేగానీ కదలదు. వీళ్ళు వెళ్ళేసరికి బడిగంట కొట్టేసేవారు. సోమవారం గుమ్మం బయట నిలబడ్డారు. మంగళవారం నిలబడ్డారు. బుధవారం కూడా నిలబడి వచ్చేసరికి నాంచారి వాళ్ళమ్మకి ఒళ్ళు మండింది.

"బయట నిలబడ్డానికి అంత దూరం పోవడం ఎందుకే? ఇంట్లో కూర్చుని వల అల్లుకో," అంది.

నాంచారికి గుండె గుభేలుమంది. దానికి లెక్కలంటే ప్రాణం మరి.

అప్పుడు ముగ్గురూ కలిసి పోతురాజు తాత దగ్గరికి వెళ్ళారు. ఆయన దగ్గర ఒక పాత దోనె ఉంది. తాటిమాను తొలిచి చేస్తారే, ముగ్గురు పట్టే బుల్లి పడవ, అది. "మూడు వేలు తెచ్చుకోండి, దోనె మీదే," అన్నాడు తాత.

మూడు వేలు ఎక్కణ్ణించి వస్తాయి? అవతలి గట్టు సంతలో వారం వారం కోళ్ళనీ బాతుల్నీ వేలం వేస్తారు. సరే, బాతుల్ని పెంచి వేలంపాటలో పెడదాం అనుకున్నారు. మరియమ్మ వాళ్ళ మేనత్తని బతిమాలి పదకొండు బాతుగుడ్లు తెచ్చింది. బాతులకి గుడ్డు పెట్టడమే తెలుసుగానీ పొదగడానికి మహా బద్ధకం. అందుకని నాంచారి వాటిని తన కోడి, చుక్కలపెట్ట కింద పెట్టింది.

కోడిగుడ్లయితే మూడు వారాలకి పిల్లలయ్యేవి. ఇవి కాలేదు. అయినా చుక్కలపెట్ట లేవలేదు. నాలుగో వారం చివర టక్కుమని ఒక గుడ్డు పగిలింది. ఆ తర్వాత ఇంకోటి. అలా తొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి, పచ్చగా, బల్లపరుపు ముక్కులతో. పెట్ట వాటిని ఒకసారి వింతగా చూసింది. ఆ తర్వాత రెక్కలు విప్పి లోపలికి తీసేసుకుంది.

ఇక వాటికి అమ్మంటే అదే. అది "కొక్ కొక్ కొక్" అంటే తొమ్మిదీ పడుతూ లేస్తూ వచ్చేవి. నీళ్ళలోకి దిగాయంటే మాత్రం పాపం ఆ పెట్ట గట్టు మీద అటూ ఇటూ గెంతి, గెంతి, గొంతు పోగొట్టుకునేది.

ఏడుకొండలు నత్తలు ఏరుకొచ్చేవాడు. మరియమ్మ తవుడు తడిపి పెట్టేది. నాంచారి తెల్లారకుండానే లేచి గూడు కడిగేది. అయిదు నెలలు గడిచేసరికి బాతులు నిగనిగలాడుతూ గుడ్లకొచ్చే ఈడుకొచ్చాయి.

అప్పుడు ఒక సంత రోజు పొద్దున్నే పెద్ద పడవలో అవతలికి దాటారు. కాలవ గట్టున ముందు చుక్కలపెట్ట, దాని వెనక వరసగా తొమ్మిది బాతులు, వాటి వెనక ముగ్గురు పిల్లలు.

ఆ కాలవలో ఒక బాతుల మంద ఈదుతోంది. ఒకటా రెండా, వెయ్యి! నెల్లూరు వైపు నుంచి పెంచలయ్య అనే బుర్రమీసాలాయన తోలుకొచ్చాడు. మన తొమ్మిదీ ఆ మందని చూశాయి. చూడ్డమేమిటి, బుడుంగున దూకి అందులో కలిసిపోయాయి!

ముగ్గురికీ ఏడుపొచ్చేసింది. "ఇన్నిట్లో మీవేవో మావేవో ఎట్టా చెప్పేది పాపా?" అని పెంచలయ్య కూడా తలపట్టుకున్నాడు.

ఏడుకొండలు నీళ్ళలోకి దూకి, తమదే అనుకుని ఒకదాన్ని పట్టుకొచ్చాడు. గట్టున పెడితే అది మళ్ళీ మందలోకే దూకింది. అప్పుడు మరియమ్మ గుప్పెడు వడ్లు చల్లింది. వెయ్యి బాతులూ మీదికొచ్చాయి! ఆ తర్వాత నాంచారి పెట్టని ఎత్తుకుని నీళ్ళ అంచున దింపింది. "నువ్వే పిలవ్వే అమ్మా," అంది.

చుక్కలపెట్ట మెడ సాచింది. "కొక్ కొక్ కొక్!"

మంద మధ్యలోంచి ఒక తల లేచింది. ఒకటి గట్టెక్కింది. రెండెక్కాయి. మూడు... ఎనిమిది. తొమ్మిదోది ఏదీ? ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. అదిగో, అన్నిటికంటే వెనక, నోట్లో చేపపిల్లతో, తీరుబడిగా వస్తోంది దొరసాని!

పెంచలయ్య మీసం దువ్వడం మరిచిపోయి చూశాడు. మందని కొడుక్కి అప్పజెప్పి, వీళ్ళ వెనకే సంతకొచ్చాడు.

సంతలో పాట మొదలైంది. పలావు హోటలాయన పదిహేను వందలన్నాడు. గుడ్ల వర్తకుడు రెండు వేలన్నాడు. హోటలాయన రెండున్నర అన్నాడు. పలావులోకి పోతాయేమోనని నాంచారి బాతుల్ని దగ్గరికి లాక్కుంది. గుడ్ల వర్తకుడు తప్పుకున్నాడు. అప్పుడు వెనక నుంచి పెంచలయ్య, "మూడు వేలు!" అని అరిచాడు.

"మూడు వేలు ఒకటోసారి! మూడు వేలు రెండోసారి!" అన్నాడు వేలం వేసేవాడు.

"ఆగయ్యా," అన్నాడు పెంచలయ్య. "మందలో కలిశాక నా మాట వినకపోతే ఎట్టా? ఆ పెట్టని కూడా కలిపితేనే నా పాట."

"పెట్టని అమ్మను," అంది నాంచారి.

"అయితే నాకిచ్చేయండి," అన్నాడు హోటలాయన. "అవి నా మాట వినక్కర్లేదులే, గిన్నెలో ఉడికితే చాలు."

అంతా నవ్వారు. నాంచారి నవ్వలేదు. పెట్టని గుండెకి హత్తుకుని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత పెంచలయ్య దగ్గరికెళ్ళి, "మావా, ఆ పిలుపు నీకు నేర్పుతాను. కూర్చో," అంది.

అంత మనిషీ సంత నడిమధ్య గొంతుక్కూర్చున్నాడు. నాంచారి పిలిచి చూపించింది. ఆయన మొదటిసారి పిలిచాడు. గేదె దగ్గినట్టుంది. బాతులు చూడనైనా లేదు. రెండోసారి పిలిచాడు. తలలు తిప్పాయి. "గొంతు సన్నం చెయ్ మావా, అమ్మలా పిలవాలి," అంది నాంచారి. ఆయన కళ్ళు మూసుకుని, మీసాలు ముడిచి, మూడోసారి పిలిచాడు.

"కొక్ కొక్ కొక్!"

తొమ్మిదీ లేచాయి! రెక్కలు కొట్టుకుంటూ వెళ్ళి ఆయన పంచె చుట్టూ మూగాయి. సంతంతా ఈలలే ఈలలు.

"మూడోసారి!" అని వేలం వేసేవాడు కండువా గాల్లోకి ఎగరేశాడు.

ఆ సాయంత్రమే దోనె వీళ్ళదైంది. దోనె తోసే గెడ నేను పడతానంటే నేను పడతానని కాసేపు కొట్టుకున్నారు. ఆ తర్వాత వంతులేసుకుని నీళ్ళ మీదికి తోసుకుపోయారు. నాంచారి ఒళ్ళో పెట్ట ఉంది. బాతులు గుర్తొచ్చి నాంచారికి కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడు దూరంగా కాలవ వైపు నుంచి ఒక పిలుపు వినబడింది. ఒకసారి గేదె దగ్గులా, ఒకసారి కాస్త సన్నంగా, మళ్ళీ ఇంకాస్త సన్నంగా. పెంచలయ్య మావ ఇంకా సాధన చేస్తున్నాడు! ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే దోనె గిరగిరా తిరిగింది.

దోనె ఎక్కి కథ పోయె కంచికి,
పొద్దుపోయె, మనం పోదాం ఇంటికి,
కునుకమ్మా, రావే మా కన్నయ్య కంటికి!