రాజుగారు ఊ కొట్టిన కథ

ఒకానొక రాజ్యం ఉండేది, పేరు నన్నడగకండి, మరిచిపోయాను. దాన్ని ఏలే విక్రమకేతుడికి తన భాషాజ్ఞానం మీద మహా గర్వం. ఎవరు నోరు తెరిచినా తప్పు దిద్దందే ఊరుకునేవాడు కాదు.

ఒకనాటి మధ్యాహ్నం దాది నూకాలు ఏడాదిన్నర రాకుమారికి తలంటి, ఒళ్లో వేసుకుని, జుట్టుకు సాంబ్రాణి పొగ పడుతోంది. "బుజ్జిలీ లాలిలీ, చిన్నిలీ జోజిలీ" అని రాగం తీస్తోంది. పొగలో ఆ పాట మెల్లగా తేలుతోంది.

రాజు వచ్చి విన్నాడు. "ఏమిటీ వాగుడు? ఇందులో ఒక్క మాటా నిఘంటువులో లేదు! బిడ్డకు రేపటి నుంచి నేనే మాటలు నేర్పుతాను. నువ్వు మీ ఊరు వెళ్లిపో" అన్నాడు.

నూకాలు పాట ఆపి పాప తల నిమిరింది. పుట్టిన గడియ నుంచి తను ఎత్తుకు పెంచిన బిడ్డ మరి!

రాజు వెంట వచ్చిన విదూషకుడు సింగన్న చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, దాది వెళ్లేలోగా పాపకు ఒక కథ చెబుతాను. తమరూ కూర్చోండి."

రాజు దిండుకు ఆనుకున్నాడు. సింగన్న మొదలుపెట్టాడు.

"సొలిమెట్ట దాపున బిల్లంగి గునిమెనట..."

"ఊ" అంది పాప.

"గునిమి గునిమి, లామిలి కడ తూమిలెనట..."

"ఊ."

సింగన్న గొంతు లేస్తోంది, సాగుతోంది, దిగి ఆగుతోంది. ఆగిన చోటల్లా పాప ఊ కొడుతోంది, నడుమ ఒక్కసారీ తొందరపడలేదు. పొగ గదంతా కమ్ముకుంది. రాజుగారి రెప్పలు బరువెక్కాయి. ఎప్పుడు మొదలుపెట్టాడో ఏమో, ఆయనా పాపతో పాటు ఊ కొడుతున్నాడు.

సింగన్న చటుక్కున ఆపేశాడు.

"ఊ, తరువాత?" అన్నాడు రాజు కళ్లు మూసుకునే.

"తరువాత ఏముంది ప్రభూ! బిల్లంగి అంటే ఏమిటో నాకే తెలియదు. అంతా నోటికొచ్చింది అల్లాను. తమరెందుకు ఊ కొట్టారు?"

రాజు తెల్లబోయాడు. "ఏమోనయ్యా... అచ్చం మన తెలుగులాగే ఉంది!"

"పాపకూ అలాగే ఉంది. మాట రాకముందే మన మాటల నడక పట్టేసింది. దాది ఒళ్లో పడుకుని నేర్చిన విద్య అది. తమరు మాత్రం ఎక్కడ నేర్చారంటారు?"

రాజు పగలబడి నవ్వి, తన ముంజేతి కంకణం తీసి సింగన్నకు తొడిగాడు. నవ్వు సద్దుమణిగాక నూకాలు వైపు తిరిగాడు.

"ఇందాక ఊ కొడుతుంటే, నన్ను పెంచిన దాది గొంతు వినబడిందమ్మా. ఆవిడ ఏమైపోయిందో నేను ఏనాడూ అడగలేదు. నువ్వు మాత్రం ఎక్కడికీ వెళ్లకు."

నూకాలు కళ్లు ఒత్తుకుని, పాపను గుండెకు హత్తుకుంది.