సంచి వాడేదెవరు?

తీసెయ్యాల్సింది ఏదో హైమకు స్పష్టంగానే తెలుసు. గురువుగారు సరేనని ఎందుకు అనడం లేదో మాత్రం తెలియలేదు.

ఆ గురువుగారు గఫూర్ మాస్టారు. విజయనగరంలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, తన దగ్గర నేర్చుకునేవాళ్లతో కలిసి ‘తంగేడు’ తయారుచేసేవారు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రోగ్రాములు వందలకొద్దీ ఏరి, సరిచూసి, ఒకే కట్టగా కట్టి బడులకు ఇచ్చేవారు. కట్టలోని ఒక్కోదాన్నీ ప్యాకేజీ అంటారు. ఏటేటా కట్ట బరువెక్కుతోంది. పాత కంప్యూటర్లు మొయ్యలేకపోతున్నాయి.

అందుకే హైమ లెక్క చూసే ప్రోగ్రాము ఒకటి రాసింది. ఏ ప్యాకేజీ వాడుతున్నారో ఆయా కంప్యూటర్లే నెట్‌లో ఎప్పటికప్పుడు చెప్పేస్తాయి. తోటివాళ్లు మెచ్చుకున్నారు. ఆమెకూ కాస్త గర్వంగానే ఉంది.

లెక్కలో అట్టడుగున ‘సంచి’ అనే ప్యాకేజీ ఉంది. రాసిన ఉత్తరాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో కంప్యూటరుకు చేరుస్తుంది. వాడేవాళ్లు సున్నా. కొత్త కట్ట మర్నాడే బయటికి వెళ్లాలి.

“ఒక్కరూ వాడనిదానికి చోటెందుకు మాస్టారూ?” అంది.

మాస్టారు లేచి ఆమె కంప్యూటరుకున్న నెట్ వైరు పీకేశారు. తనదీ పీకేసుకున్నారు. ఈ పూట తనతో ఏం చెప్పాలన్నా సంచితోనే చెప్పమని తన బల్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నారు.

హైమకు ఒళ్లు మండింది. అయినా రాసింది. పెన్‌డ్రైవ్ అటు వెళ్లింది, జవాబుతో ఇటు వచ్చింది. పోనుపోను కోపం పోయి ఆసక్తి పుట్టింది. ఒక్క ఉత్తరమూ తప్పిపోలేదు, ఏదీ రెండోసారి రాలేదు. కావాలనే డ్రైవ్‌ను మధ్యలో లాగేసింది. మళ్లీ పెట్టగానే సంచి ఆగినచోటి నుంచే అందుకుంది. ఇంత జాగ్రత్తగా రాసినవాళ్లు ఎవరి కోసం రాసినట్టు? అదే అడుగుతూ ఉత్తరం పంపింది.

“నీ లెక్కను అడుగు,” అని వచ్చింది జవాబు.

పక్కగదిలోని కంప్యూటర్లో లెక్క తెరిచింది. సంచి దగ్గర ఇంకా సున్నాయే ఉంది. పొద్దుటి నుంచీ తను వాడుతూనే ఉంది కదా. తన ప్రోగ్రాములోనే ఏదో తప్పు ఉందనుకుంది. మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా దొరకలేదు. వెనకే వచ్చిన మాస్టారితో ఆ మాటే చెప్పింది.

“తప్పెందుకుంటుందమ్మా? నువ్వు బాగానే రాశావు,” అన్నారాయన.

హైమ తల తిప్పి చూసింది. తెరిచిన తలుపులోంచి, అవతలి గదిలో నేలమీద పడున్న వైరు కనిపిస్తోంది.

హైమ లేచి, కొత్త కట్ట ఇంకో వారం ఆగుతుందని తోటివాళ్లకు చెప్పి వచ్చింది.

“పాడేరు అవతల, నెట్ అందని కొండ ఊళ్లకు బస్సు ఎన్నింటికి మాస్టారూ?” అని అడిగింది.

మాస్టారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.