పోపు పెట్టని మోమోలు

పిల్లలూ, వరస కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి. ముందుది వెనకా వెనకది ముందూ చెప్పినా, కథ మాత్రం మొత్తం చెబుతాను.

అనగనగా ఒక అడవిలో మాచమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దూరాల నుంచి వచ్చినవాళ్లు ఏ వంట అడిగితే ఆ వంట వండిపెట్టేది. కానీ దేనికైనా చివర్లో పోపు పెట్టందే ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. ఒంటె తన ఎడారి వంట బాటీలు అడిగింది. అవి నేతిలో ముంచుకుని పప్పుతో తినే గోధుమ ఉండలు. మాచమ్మ వాటిని పులుసులో వేసి ఇంగువ పోపు పెట్టింది. అడవిగాడిద ఆవిరి మీద ఉడికే శనగపిండి ఢోక్లా అడిగింది. ఢోక్లాకి ఎలాగూ పోపు ఉంటుంది. మాచమ్మ రెండోసారి పెట్టింది.

ఒకరోజు మంచుకొండలు దాటి పెద్దబాతుల గుంపు దిగింది. అందులో పెమా అనే బాతు బాగా నీరసించిపోయింది. దానికి ముద్ద దిగడం లేదు. ఎల్లుండి పొద్దున్నే గుంపు వెళ్లిపోతుంది. అప్పటికి ఎగరలేకపోతే పెమా ఒక్కతే ఇక్కడ మిగిలిపోతుంది. అమ్మ చేసే మోమోలైతే తింటానంది.

మాచమ్మ పల్చటి పిండి పొరల్లో క్యాబేజీ కూరి మోమోలు ఆవిరి మీద ఉడికించింది. పైన ఎండుమిర్చి పోపు పెట్టింది. పెమా ఒకటి కొరికి, నోరు మండి, వాగు దాకా పరిగెత్తింది.

మర్నాడు పొద్దున తుక్పా చేసింది. అది నూడుల్స్ వేసిన వేడి చారు. అందులో చారుపొడి వేసి, కరివేపాకు పోపు పెట్టింది. పెమా వాసన చూసి తలను రెక్క కింద దాచుకుంది.

మాచమ్మకు కోపం వచ్చింది. ఒంటెను పిలిచి, మీరంతా ఆకు ఊడ్చి తింటారు కదా, దీనికేం రోగమని అడిగింది.

ఒంటె నేల చూపులు చూస్తూ, "మేం భయపడి తిన్నాం అక్కా. నువ్వు ఎలుగుబంటివి" అంది.

మాచమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. తరవాత వెళ్లి పెమా పక్కన కూలబడింది.

"మీ అమ్మ చివర్లో ఏం వేసేదే?"

"ఏమీ వేసేది కాదు పిన్నీ. మూత తీసి తినమనేది."

ఏమీ వెయ్యకపోవడమా! మాచమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. అయినా పోపుల డబ్బాను కొండముచ్చు తాతబ్బాయి చేతిలో పెట్టి, తను బతిమాలినా ఇవ్వొద్దని చెట్టెక్కించింది.

సాయంత్రం మోమోలు పొయ్యెక్కాయి. ఆవిరి లేచేసరికి మాచమ్మ చేతులు దురద పెట్టాయి. చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగింది.

"ఒక్క ఆవగింజ ఇవ్వరా తాతబ్బాయ్. వాసన చూసి ఇచ్చేస్తాను."

"ఇవ్వొద్దని చెప్పింది నువ్వే కదే అక్కా."

చివరికి మాచమ్మ తన చేతుల మీద తనే కూర్చుంది. మూత ఒంటె తీసింది. పెమా ఒకటి తిని కళ్లు మూసుకుంది. తరవాత పదకొండు తింది. మర్నాడు పొద్దున గుంపుతో పాటు గాల్లోకి లేచింది. వరసలో ఆఖరుదే, అయినా ఎగిరింది.

మిగిలిన ఒక్క మోమో మాచమ్మ నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. బాగుందని ఒప్పుకుంది. ఒప్పుకుని, చెట్టు పైకి చూసింది. తాతబ్బాయి డబ్బా పట్టుకుని ఇంకో కొమ్మ పైకి ఎక్కాడు.

నా కథలు అచ్చుకి ముందు చదివిపెట్టే హైమా, మోమో, బాటీ, తుక్పా, ఈ పేర్లు సరిగ్గానే రాశానా? ఒక్కసారి చూసిపెట్టమ్మా.

నీతి: ఒకరి ఆకలి తీర్చాలంటే మన రుచి పక్కనపెట్టి, వాళ్ల రుచేమిటో అడగాలి.