దీపాలెట్టాక అన్న మాట

అనగనగనగా, మరీ రాజుల కాలం కాదులే, ఇంటింటికీ ఫోనున్న కాలంలోనే, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. దుప్పటి కప్పుకో, చెబుతాను. ఆవిడ వంటలు చేసి ఫోన్లో చూపించేది. లక్షలమంది చూసేవాళ్ళు. అందరికీ ఆవిడ రత్నం వదినే. ముసలాళ్ళకి కూడా వదినే, చూడు మరి.

ఒక ఏడాది ఏరు పొంగింది. మురుగంతా మంచినీళ్ళలో కలిసింది. ఆ తర్వాత ఊరూరా వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పిల్లలు తోటకూర కాడల్లా వేలాడిపోయారు. నీళ్ళు కాచి తాగండని ఆస్పత్రివాళ్ళు ఆటోకి మైకు కట్టి తిరిగారు. ఎవరు విన్నారు? ఐస్‌క్రీం బండి అనుకుని బయటికొచ్చినవాళ్ళే ఎక్కువ.

అప్పుడు నూకరత్నం ఒక వీడియో పెట్టింది. నీళ్ళు కాచి చల్లార్చి తాగండర్రా అంది. మర్నాటికి ప్రతి పొయ్యి మీదా నీళ్ళ గిన్నే. ఆ తర్వాత ఇంకోటి పెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుని వంట మొదలెట్టింది, అంతే. కొట్లలో సబ్బులు అయిపోయాయి. డాక్టరుగారు గొంతు చించుకున్నా కదలని జనం వదిన ఒక్క మాటంటే కదిలారు.

మూడోసారే కొంప మునిగింది.

ఆ రోజు సందెవేళ నూకరత్నం లైవ్‌లోకి వచ్చింది. విరేచనాలైన పిల్లలకి ఏం తాగించాలో చెబుతోంది. ఇప్పుడు జాగ్రత్తగా విను. మా వైపు దీపాలు పెట్టాక ఉప్పు పేరు ఎత్తకూడదంటారు. ఎత్తితే లక్ష్మి వెళ్ళిపోతుందట. అందుకని ఒక్కో ఇంట్లో దానికి ఒక్కో మారుపేరు. నూకరత్నం ఇంట్లో తెల్లది అంటారు. వాళ్ళ అత్తగారు పైడమ్మ ఈ విషయంలో మహా పట్టుదల మనిషి, పైగా ఎదురుగానే కూర్చుని ఉంది. అప్పుడు నూకరత్నం, "లీటరు కాచిన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా తెల్లది" అంది. స్టీలు డబ్బాలోంచి తీసి కలిపి చూపించింది. ఫోన్లో రుచి తెలుస్తుందా?

వేలమంది దండం బొమ్మలు పెట్టారు. తెల్లదంటే ఏంటి వదినా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఎవరింట్లో తెల్లది వాళ్ళకి తెలుసు కదా.

పొరుగూళ్ళో అప్పలకొండ అని ఒక పెద్దావిడ. ఆవిడకి తమలపాకులు నమలందే పొద్దు పోదు. వాళ్ళింట్లో దీపాలయ్యాక సున్నం పేరు కూడా ఎత్తరు. అక్కడ తెల్లదంటే సున్నం. ఆవిడ మనవరాలు హన్సిక, నీకంటే చిన్న పిల్ల, విరేచనాలై కళ్ళు లోపలికి పోయాయి. అప్పుడు అప్పలకొండ వీడియో చూస్తూ నీళ్ళలో పంచదార వేసింది. తమలపాకుల పెట్టెలోంచి అర చెంచా సున్నం తీసి కలిపింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని ముద్దుచేస్తూ పట్టింది. పసిపిల్ల నోట్లో సున్నం నీళ్ళమ్మా.

ఒక్క గుక్కకే పిల్ల కెవ్వుమంది. నోరంతా పొక్కిపోయింది. ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తారు. మర్నాడు పిల్ల తల్లి భవాని అక్కణ్ణించే నూకరత్నానికి ఫోన్ చేసింది. తిట్టలేదు. "వదినా, సున్నం ఎంతెయ్యమన్నారు? మా అత్త ఎక్కువేసేసినట్టుంది" అంది.

అప్పుడు తెలిసింది నూకరత్నానికి, ఏం జరిగిందో. తిట్టినా బాగుండేది అనుకుంది. ఆ పిల్ల దక్కుతుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఈ సాయంత్రం ఇంకెన్ని ఇళ్ళలో సున్నం కలుపుతారో ఎవరికి తెలుసు?

అప్పుడు ఆ వీడియో తీసేసింది. ఏం లాభం, జనం దాన్ని అప్పటికే ఒకరికొకరు పంపేసుకున్నారు. ఆ తర్వాత తెల్లదంటే ఉప్పని పట్టపగలే ఇంకో వీడియో పెట్టింది. నాలుగొందలమంది కూడా చూడలేదు. అందులో పులుసా, కూరా, ఎవరికి కావాలి? చివరికి సందెవేళ మళ్ళీ లైవ్‌లోకి వచ్చింది.

దీపాలు పెట్టేశారు. ఎదురుగా అత్తగారు. నూకరత్నం నోరు తెరిచింది గానీ చిన్నప్పటి నుంచీ అనని మాట గొంతు దాటలేదు. అప్పుడు పైడమ్మ లేచి వచ్చింది. కోడల్ని పక్కకి జరిపి ఫోను ముందు కూర్చుంది.

"ఉప్పు" అంది. "ఇనబడిందేటి? ఉప్పు. సున్నం కాదు. కూరలో ఏసుకునే ఉప్పు. ఇంత వయసొచ్చింది, దీపాలెట్టాక ఈ పేరు నానెప్పుడూ ఎత్తలేదు. లచ్చిమి పోతే పోనీ. పిల్లలు పోకూడదు."

నూకరత్నం నోటి మీద చెయ్యి వేసుకుంది. చూసిన ప్రతి ముసలమ్మా వేసుకుంది. పైడమ్మ ఉప్పందట, దీపాలయ్యాక అందట అని విస్తుపోయి ఒకరికొకరు పంపుకున్నారు. ఆ విడ్డూరం తెల్లదన్న వీడియో వెళ్ళిన ప్రతి ఇంటికీ వెళ్ళింది. కలిపిన గ్లాసులు కలిపినట్టే పారబోసినవాళ్ళు ఎంతమందో.

హన్సికా? బతికిందమ్మా. సెలైను పెట్టి బతికించారు. నోటి పుళ్ళు మానడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. అప్పలకొండ మళ్ళీ తమలపాకు ముట్టలేదు.

ఉప్పుని ఉప్పంటే తప్పేముంది?
విప్పి చెబితే ముప్పేముంది?
కథేమో కంచి దారి పట్టింది,
మా చిట్టి కంటికి కునుకు పట్టింది.