చూసిన చోటు, కొన్న చోటు

అనగనగా, గడ్డాలకు కూడా మొక్కులుండే కాలంలో, వెలగపురమనే పట్నాన్ని కేతభూపతి అనే రాజు ఏలేవాడు. ఒక ఏడు కొండవాగు కట్ట తెగి పొలాలన్నీ బీడు పడ్డాయి. వాగు నీళ్ళు మళ్ళీ పొలాలకు పారేదాకా గడ్డం గీయించుకోనని రాజు మొక్కుకున్నాడు. కట్ట లేవడానికి ఏళ్ళు పట్టింది. రాజుగారి గడ్డం రొమ్ము దాకా దిగింది.

చివరికి నీళ్ళు పారాయి. రైతులు నాట్లు వేశారు. వచ్చే పున్నమినాడు కోట ముందు, ఊరందరి ఎదుట, రాజుగారికి క్షౌరం జరుగుతుందని దండోరా వేశారు.

ఆ పని సింగన అనే క్షురకుడి మీద పడింది. అతని తండ్రి ఓబన్న ఆస్థానంలో ఆ పని చేసినవాడే. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. సింగనది తేలిక చెయ్యి. అయినా దండోరా విన్న దగ్గర్నుంచి అతనికి అన్నం సహించలేదు.

రాజుగారి గడ్డం కొబ్బరి పీచులా మొండిది. చర్మమా, తమలపాకు. పైగా మొక్కు తీరే రోజున నెత్తురు చుక్క రాలితే కట్ట మళ్ళీ తెగుతుందని ఊళ్ళో అప్పటికే గుసగుసలు బయల్దేరాయి. రాజు అలాంటివి నమ్మడు. ఊరు నమ్ముతుంది. ఒక్క గాటు పడిందా, తాతల నాటి నుంచి ఆ ఇంటికున్న పేరు ఏట్లో కలిసినట్టే.

ఓబన్న కత్తి సానబట్టీ సానబట్టీ చింతాకంత అయింది. కుంచెకు వెంట్రుకలు రాలిపోయాయి. కాబట్టి సింగనకు మూడు వస్తువులు కావలసి వచ్చాయి. మంచి కత్తి ఒకటి, కుంచె ఒకటి, గడ్డం నానబెట్టడానికి నురుగుముద్ద ఒకటి.

వెలగపురంలో ఈ సరుకులు దొరికే చోట్లు రెండే. ఒకటి అంగళ్ళ వీధి మలుపులో పేరమ్మ కొట్టు. పేరమ్మ భర్త పోయాక ఆ కొట్టును ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. కత్తులు, సానరాళ్ళు, తోలుపట్టీలు, పటిక ముక్కలు అన్నీ చేతికందేలా పేర్చి ఉంటాయి. ఏదైనా తీసి చూడవచ్చు, వాసన పట్టవచ్చు, చెయ్యి మీద రుద్దుకోవచ్చు.

రెండోది సుంకపు ద్వారం దగ్గర కొత్తగా వెలిసిన బొమ్మల మండపం. అది కడలిపట్నంలో ఉండే రత్నాకరశ్రేష్ఠిది. అక్కడ సరుకు ఉండదు. సరుకు బొమ్మలు ఉంటాయి. గోడల నిండా రంగురంగుల గుడ్డల మీద వేసి వేలాడదీస్తారు. ప్రతి బొమ్మకూ ఒక రంగు దారం. మనకు నచ్చిన బొమ్మ దారం పావురం కాలికి కడితే అది రివ్వున కడలిపట్నానికి ఎగిరిపోతుంది. వారం తిరిగేసరికి గుర్రపు బండి మీద వస్తువు ఇంటికొస్తుంది. ధర కూడా తక్కువే. ఊరంతా ఆ మండపం చుట్టూనే తిరుగుతోంది.

సింగన మొదట పేరమ్మ కొట్టుకే వెళ్ళాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళు పొట్టివి కాబట్టి పిడి కురచగా ఉండాలంది. మొండి గడ్డానికి కత్తి వెన్ను మందంగా, అంచు పలచగా ఉంటే బరువు తనంతట తానే పని చేస్తుందని చెప్పింది. కత్తులన్నీ ఒక్కొక్కటే అతని చేతిలో పెట్టింది. చివర్న తుమ్మకర్ర పిడి ఉన్న కత్తి ఒకటి ఇచ్చింది. అది సింగన చేతిలో, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు ఒదిగిపోయింది.

అయ్యను అడిగి వస్తానని చెప్పి సింగన కొట్టు దిగాడు. దిగినవాడు ఇంటికి పోలేదు, బొమ్మల మండపానికి పోయాడు. అక్కడ దంతపు పిడి ఉన్న కత్తి బొమ్మ కనిపించింది. వెన్ను మందం, అంచు పలచన. పేరమ్మ చెప్పిన గుణాలే. ధర చూస్తే ఆమె చెప్పినదానిలో సగం. రెండూ ఒకటే కదా అనుకుని సింగన పావురం కాలికి దారం కట్టాడు.

రెండోసారి కుంచె కోసం పేరమ్మ దగ్గరికి వెళ్ళాడు. కత్తి సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆమె తన కొట్టులోని కుంచెలన్నీ తడిపి అతని చెంప మీద తిప్పి చూపించింది. అన్నీ పంది వెంట్రుకలవే. తర్వాత వాటిని పక్కకు నెట్టేసింది.

"ఇవి మనబోటి వాళ్ళకు చాలు నాయనా. రాజుగారి చర్మానికి చమరీమృగపు వెంట్రుకల కుంచె ఉండాలి. అది నా దగ్గర లేదు. ఆ మండపంలో ఉంటుంది, తెప్పించుకో" అంది.

సింగనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరేనని తల ఊపి, మండపానికి వెళ్ళి మరో పావురాన్ని ఎగరేశాడు.

మూడోసారి నురుగుముద్ద కోసం వెళ్ళాడు. అప్పటికి పేరమ్మ కొట్టులో సగం అరలు ఖాళీగా ఉన్నాయి. ఎందుకని అతను అడగలేదు. ఆమె నాలుగు రకాల ముద్దలు తీసి అతని మణికట్టు లోపలివైపు రుద్ది, తడి ఆరేదాకా కూర్చోబెట్టింది. కుంకుళ్ళు, వెన్న, కాస్త గంధం కలిపినది చల్లగా ఉంది. మిగతావి చురుక్కుమన్నాయి. వాసన ఎక్కువైతే మంట కూడా ఎక్కువేనని, గంధం వాసన ముక్కుకు తెలిసీ తెలియనట్టు ఉండాలని ఆమె చెప్పింది.

సింగన మళ్ళీ వస్తానన్నాడు. మండపంలో గంధపు చెక్క బొమ్మ వేసిన నురుగుముద్దకు దారం కట్టాడు. బొమ్మకు వాసన ఉండదు కదా. అది ఆ క్షణాన అతనికి తోచలేదు.

పున్నమి ఇంకా నాలుగు రోజులుందనగా మూడు వస్తువులూ ఒకే బండిలో వచ్చాయి.

కుంచె నిజంగానే బాగుంది. వెన్నపూసలా మెత్తగా ఉంది. నురుగుముద్ద పొట్లం విప్పితే ఇల్లంతా ఘుమఘుమలాడింది. దాన్ని చెంపకు రాసుకున్న కాసేపటికే సింగన మొహం మిరపపండులా కందింది. కత్తి మెరుస్తోంది, ఉక్కు మేలైనదే. చేతిలోకి తీసుకుంటే మాత్రం పిడి చాలా పొడుగు. పెద్ద చేతులవాళ్ళ కోసం చేసినది. ఆ సంగతి బొమ్మలో ఎలా తెలుస్తుంది?

నచ్చనిదాన్ని తిరిగి పంపవచ్చునని మండపంలో చెప్పారు. ఆ మాట నిజమే. కానీ బదులు వచ్చేసరికి పున్నమి దాటిపోతుంది.

"నా గడ్డం ఉంది కదరా, చేసి చూడు" అన్నాడు ఓబన్న.

సింగన తండ్రికి క్షౌరం మొదలుపెట్టాడు. గదవ దగ్గర వంపు తిప్పుతుండగా పొడుగు పిడి అరచేతికి తగిలి కత్తి జారింది. నెత్తురు చిమ్మింది. ఓబన్న కత్తిని పక్కన పెట్టించాడు. పటిక ముక్క తడిపి గాటు మీద అద్దుకున్నాడు.

"ఎక్కడ కొన్నావు?" అని అడిగాడు.

మండపంలో కొన్నానని సింగన చెప్పాడు.

"ఎక్కడ చూశావు?"

సింగన తల దించుకున్నాడు. పేరమ్మ కొట్టులో చూశానన్నాడు.

ఓబన్న గట్టిగా ఒక్క మాట అనలేదు. "ఆ అమ్మ నీ చెయ్యి పట్టుకుని అంతసేపు నేర్పితే, ఆ నేర్పును మూట కట్టుకుని వేరే చోట ఖర్చు పెట్టావన్నమాట. లేచి వెళ్ళు" అన్నాడు.

సింగన వెళ్ళేసరికి కొట్టుకు తలుపు చెక్కలు బిగించి ఉన్నాయి. ముందర ఎడ్లబండి. పేరమ్మ సామాను సర్దుతోంది. చూసిపోయేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేరని, కొట్టు మూసేసి తమ్ముడి ఊరికి పోతున్నానని చెప్పింది.

 ఆ చూసిపోయేవాళ్ళలో సింగనా ఒకడు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ వట్టి చేతులతో పోయాడు. దాచకుండా జరిగినదంతా చెప్పాడు. తండ్రి గదవ మీద పడ్డ గాటు సంగతి కూడా చెప్పాడు.

 పేరమ్మ బండిలోంచి ఒక మూట దింపింది.

"నీ మీద కోపం ఉంది నాయనా, లేదని చెప్పను. కానీ రాజుగారి చెంపలు ఏం పాపం చేశాయి?"

మూటలోంచి తుమ్మకర్ర పిడి కత్తి తీసింది, చల్లటి నురుగుముద్ద తీసింది. చమరీమృగపు కుంచెను తెప్పించి, చేత్తో నిమిరి చూసి, ఇది మేలైన సరుకని, దీన్నే వాడమని చెప్పింది. కత్తికి, ముద్దకు సింగన ఆమె చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చాడు. బేరం ఆడాలని అతనికి తోచనే లేదు.

పున్నమి దాకా మిగిలిన మూడు రోజులూ పేరమ్మ ప్రయాణం ఆపుకుంది. సందె వేళ దాకా సింగనను అరుగు మీద కూర్చోబెట్టి, లేత బూడిదగుమ్మడికాయకు నురుగు పట్టించి దాని నూగు గీయించింది. కాయ తొక్క మీద గీత పడితే కాయ మార్చింది. మొదటి రోజు ఆ ఇంట గుమ్మడికాయ పులుసు, రెండో రోజూ అదే. మూడో రోజు ఒక్క కాయ మీద కూడా గీత పడలేదు.

పున్నమి ముందు రోజు సాయంత్రం రత్నాకరశ్రేష్ఠి స్వయంగా కడలిపట్నం నుంచి దిగాడు. పట్టు తలపాగా, నెమ్మదైన మాట. సింగన పేరమ్మ కత్తి పట్టాడన్న సంగతి అతనికి మండపంలోనే తెలిసింది. సింగన ఇంటికొచ్చి కుశలమడిగాడు. రేపు క్షౌరం అయ్యాక ఈ కత్తి ఎక్కడిదని రాజుగారు తప్పక అడుగుతారని, కడలిపట్నం కత్తి అని ఒక్క మాట చెబితే చాలని అన్నాడు. ఆ ఒక్క మాటకు బతికినంతకాలం సింగన ఇంటికి కావలసిన సరుకంతా ఉచితంగా పంపుతానన్నాడు.

"అబద్ధం కూడా కాదులే. నువ్వు మా కత్తి కొన్నమాట నిజమే కదా" అని చిరునవ్వు నవ్వాడు.

సింగన అతన్ని సాగనంపి, రాత్రంతా లెక్కలు వేసుకున్నాడు. పెళ్ళీడుకొచ్చిన తమ్ముడున్నాడు, మంచాన పడబోయే తండ్రి ఉన్నాడు. శ్రేష్ఠి ఇస్తానన్నది చిన్న సాయం కాదు.

తెల్లవారింది. కోట ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. రాజు పీట మీద కూర్చున్నాడు. సింగన ముందు కత్తెరతో గడ్డాన్ని కురచ చేశాడు. వేడినీళ్ళ గుడ్డ కప్పాడు. చమరీ కుంచెతో నురుగు చుట్టి చుట్టి పట్టించాడు. మొండి వెంట్రుకలు నాని మెత్తబడ్డాయి. అప్పుడు కత్తి తీశాడు.

జనంలో చడీచప్పుడు లేదు. వెంట్రుకలు తెగే సవ్వడి మాత్రం ముందు వరసలవాళ్ళకు వినిపించింది. కుడి చెంప అయింది. ఎడమ చెంప అయింది. గదవ దగ్గర వంపు వచ్చేసరికి సింగన ఒక్క క్షణం ఆగాడు. కురచ పిడి అరచేతిలో చక్కగా తిరిగింది. కత్తి సాఫీగా దిగింది. తెల్లటి గుడ్డతో మొహం తుడిచి ఆ గుడ్డను అందరికీ ఎత్తి చూపాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

ఊరు ఒక్కసారిగా ఊపిరి వదిలింది. రాజు ఏళ్ళ తర్వాత తన చెంపలు తాను తడుముకుని నవ్వాడు.

"హాయిగా ఉంది సింగనా. ఈ కత్తి ఎక్కడిది?"

ముందు వరసలో శ్రేష్ఠి మెడ చాచాడు. ఎక్కడో వెనక, జనం మధ్యలో పేరమ్మ నిలబడి ఉంది. సింగన ఇద్దర్నీ చూశాడు.

"ప్రభూ, ఈ కుంచె రత్నాకరశ్రేష్ఠి గారిది. ఇంత మంచిది మన ఊళ్ళో దొరకదు. కత్తి, నురుగుముద్ద పేరమ్మగారివి. ఏది నా చేతికి తగునో, ఏది మీ చర్మానికి తగునో చెప్పినది ఆమె. ఆ చెప్పినదానికి నేను ముందు విలువ ఇవ్వలేదు, మా అయ్య గదవ కోసి తెలుసుకున్నాను. ఆ కుంచె కూడా ఆమె కొనమంటేనే కొన్నాను."

శ్రేష్ఠి మొహం మాడిపోయింది. రాజు పేరమ్మను ముందుకు పిలిపించి ఏం కావాలో కోరుకోమన్నాడు. తన కొట్టులోనే అందరూ కొనాలని శాసనం వేయించమంటుందేమోనని జనం చెవులు రిక్కించారు.

"శాసనం వేస్తే వచ్చేవాళ్ళు నాకెందుకు ప్రభూ. నా దగ్గర మంచిది ఉంటే వాళ్ళే వస్తారు. కొట్టు మళ్ళీ తెరుస్తాను. అది చాలు" అంది పేరమ్మ.

మర్నాడు ఆమె తలుపు చెక్కలు తీసేసరికి వీధి పొడవునా జనం నిలబడి ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇదివరకు చూసిపోయినవాళ్ళే. సింగన తోటి క్షురకులందరినీ వెంటబెట్టుకొచ్చాడు.

అన్నిటికన్నా చివర శ్రేష్ఠి వచ్చాడు. అతను వ్యాపారి, అలక అతనికి ఒక పూట కన్నా నిలవదు. తన సరుకు కొంత ఈ కొట్టులో ఉంచితే, కొనేవాళ్ళు చేత్తో పట్టి చూసుకుంటారు కదా అని అడిగాడు. పేరమ్మ సరేనంది. ఎవరి చేతికి తగనిది వాళ్ళకు తగదనే చెబుతానని, అది కడలిపట్నం సరుకైనా, తన సరుకైనా అదే మాటని చెప్పింది. శ్రేష్ఠి కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. దూరపు సరుకు కావలసినవాళ్ళు పావురాలను ఎగరేస్తూనే ఉన్నారు. ఏ పావురాన్ని ఎగరేయాలో మాత్రం పేరమ్మను అడిగి ఎగరేశారు, ఆ సలహాకు శ్రేష్ఠి ఆమెకు వాటా పంపాడు.

సింగన వంశం ఆ కోటలో చాలాకాలం ఆ పనే చేసింది.

పిల్లలూ, వస్తువు దగ్గర కొన్నా దూరం నుంచి తెప్పించుకున్నా తప్పు లేదు; కానీ ఒకరి తెలివిని ఊరికే వాడుకుని ధర ఇంకొకరికి ఇచ్చేవాడు, చివరికి ఆ తెలివి దొరికే గడపనే పోగొట్టుకుంటాడు.