పరాయి ఊళ్ళో ఓట్లు పెట్టించిన గవరయ్య ఇంటివాళ్ళు

ఏనుగులపాడంటే మాటలు కాదు. అరవై జతల ఎద్దులు, నలభైమంది వస్తాదులు, ఊరి చుట్టూ తుమ్మకంప కోట. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఇద్దరు కొట్టుకున్నా మూడో దెబ్బ ఏనుగులపాడుదే. ఆ రోజుల్లో ఎవరి ఊరు వాళ్ళకి దేశం, పొలిమేర దాటితే పరదేశం. అందుకని ఏనుగులపాడుకి పరదేశపు పనులు బోలెడుండేవి. ఆ పనులన్నీ గవరయ్య ఇంటివాళ్ళే చూసేవాళ్ళు.

ఎందుకంటే ఆ ఇంటికున్న తెలివి ఇంకే ఇంటికీ లేదు. ఈ మాట అన్నదెవరయ్యా అంటే, ఆ ఇంటివాళ్ళే.

"లోకంలో గొడవలన్నీ ఎందుకొస్తాయో తెలుసా?" అనేవాడు గవరయ్య మీసం దువ్వుకుంటూ. "ఒకళ్ళు ఒకటి చెబితే ఇంకొకళ్ళు ఇంకోటి అనుకోబట్టి. మా ఇంట్లో ఆ జబ్బు లేదు. చెప్పింది చెప్పినట్టు వింటాం, విన్నది విన్నట్టు చేస్తాం."

"అవునన్నా," అనేవాడు తమ్ముడు పైడయ్య. "మొన్న వదిన పొయ్యి మీద పాలు పొయ్యమంది. పొయ్యి మీదే పోశాను. తెలివిలేనివాడైతే గిన్నెలో పోసేవాడు."

"పొయ్యి ఆరిపోతే ఆరిపోయింది గానీ, నా మాట పోలేదు," అని మురిసిపోయేది గవరయ్య భార్య మాణిక్యం.

అలా ఉండగా ఒకనాడు ఊరిపెద్ద అప్పలస్వామి ముగ్గురికీ కబురు పెట్టాడు.

"చూడు గవరయ్యా. మనం రెండేళ్ళుగా చేతులెత్తి ఓట్లు వేసుకుంటున్నాం. ఎంత హాయిగా ఉంది! పక్కనున్న చీమలవాగులో మాత్రం ఇంకా ఆ బుచ్చంనాయుడు చెప్పిందే వేదం. జనం నలిగిపోతున్నారు. మీరు వెళ్ళి వాళ్ళ కళ్ళు తెరిపించండి. ప్రజల నాడి పట్టుకోండి. ఓట్లు పెట్టించి నాయుణ్ణి కుర్చీ దించండి. ఒక్క నెత్తురు చుక్క కారడానికి వీల్లేదు." అని గొంతు తగ్గించి, "అన్నట్టు, వాళ్ళ చింతతోపు మంచి కాపు మీదుందట. వచ్చేటప్పుడు దాని సంగతి కూడా కాస్త కనుక్కురండి," అన్నాడు.

అంతే. ముగ్గురూ చద్దిమూట కట్టుకుని బయల్దేరారు.

చీమలవాగు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఊరు ఊరంతా అంబలి తాగి, పందిళ్ళ కింద కునుకు తీస్తోంది.

"చూశావా తమ్ముడూ, పెద్దాయన చెప్పింది నిజమే. ఒక్కడి కళ్ళూ తెరిచి లేవు!" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, తలా ఓ పందిట్లో దూరారు. దొరికినవాడి రెప్పలు దొరికినట్టే రెండు వేళ్ళతో పైకెత్తడం మొదలుపెట్టారు. ఒక ముసలాయనకి కళ్ళకలక వచ్చి ఆకుపసరు వేసి గుడ్డ కట్టుకున్నాడు. పైడయ్య ఆ గుడ్డ లాగేసి మరీ తెరిచాడు. ముసలాయన పెట్టిన కేకకి ఊరంతా లేచింది.

"ఎవర్రా మీరు? మా కళ్ళలో వేళ్ళు పెడతారేం?"

"మేం ఏనుగులపాడు వాళ్ళం. మీకు ప్రజారాజ్యం తెచ్చాం," అన్నాడు గవరయ్య. "నలభైమూడు జతలు తెరిపించాం. ఇంకా ఎవరైనా మిగిలారా?"

అవతల ఒక మంగలి ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. కత్తి కాస్త జారి దవడ మీద చిన్న ఎర్ర చుక్క పొడిచింది. మాణిక్యం అది చూసింది. "నెత్తురు! నెత్తురు చుక్క!" అని ఒక్క ఉరుకున వెళ్ళి కత్తి లాక్కుని మొలలో దోపుకుంది. ఆ గడ్డమాయన సగం గడ్డంతో ఆమె వెంటపడి బతిమాలాడు, ఏడ్చాడు. ఉహూఁ. "ఓట్లయ్యాక రా, మిగతా సగం చూద్దాం," అంది.

ఈలోగా పైడయ్య అరుగు మీద చేరి ప్రజల నాడి పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి పట్టుకుంటే పది చేతులు ముందుకొచ్చాయి. పరదేశం నుంచి వైద్యుడొచ్చాడని ఆడవాళ్ళంతా వరస కట్టారు.

"నాయనా, నెల్లాళ్ళుగా పొడిదగ్గు," అంది ఒకావిడ.

పైడయ్య కళ్ళు మూసుకుని నాడి చూశాడు. "నీకు ప్రజారాజ్యం కావాలమ్మా."

"తేనెలో వేసుకోవాలా, వేణ్ణీళ్ళలోనా?"

"ఎందులోనూ కాదు. చెయ్యెత్తి వెయ్యాలి."

"పూటకెన్నిసార్లు?"

"రెండేళ్ళకోసారి."

"రెండేళ్ళకా! అప్పటిదాకా ఈ దగ్గు నన్ను ఉంచుతుందా?" అని ఆవిడ అక్కడే ఇంకో నాలుగు దగ్గులు దగ్గింది.

ఈ గోల విని దాలమ్మ వచ్చింది. దాలమ్మ ఆ ఊరి మంత్రసాని. డెబ్భై ఏళ్ళుంటాయి. ఊళ్ళో సగంమందిని భూమ్మీద పడేసింది ఆవిడ చేతులే. వచ్చినవాళ్ళెవరో, ఎందుకొచ్చారో అంతా విని నిట్టూర్చింది.

"నాయనలారా, మీ తెలివి సంగతి దేవుడెరుగు గానీ, వేళకే వచ్చారు. మా ఊరి చెరువు తూముని మూసే పలక మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఆ బుచ్చంనాయుడు. కుర్చీ కాళ్ళు పలకకి తాటినార తాళ్ళతో కట్టేశాడు. తన నలభై ఎకరాలకీ వేరే గండి కొట్టుకున్నాడు. మాకు మాత్రం చుక్క వదలడు. మా నారుమళ్ళు చూడండి, పసుపు రంగు తిరిగాయి. ఇంకో మూడు రోజులు నీళ్ళు తగలకపోతే ఈ ఏడు మా పిల్లలకి గింజ లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు.

"మేమే వెళ్ళి అడుగుతాం. మీరేం చెయ్యక్కర్లేదు. ఏనుగులపాడు అండ ఉందని తెలిస్తే చాలు, వాడు జంకుతాడు. మా వెనక నిలబడండి, అంతే," అంది.

"అంతేనా? అదెంత పని!" అన్నాడు గవరయ్య. "సరే అయితే. అన్నట్టు దాలమ్మత్తా, మీ చింతతోపు ఎలా ఉంది? మంచి కాపు మీదుందటగా. సంగతి కనుక్కురమ్మని మా పెద్ద రహస్యంగా చెప్పాడు."

దాలమ్మ అతనివంక ఒక్క క్షణం చూసింది. "ఓహో. అదా సంగతి," అంది.

"అదే సంగతి," అన్నాడు గవరయ్య సంతోషంగా. "ఇంత త్వరగా కనుక్కుంటామనుకోలేదు."

అందరూ కలిసి తూము దగ్గరికి వెళ్ళారు. బుచ్చంనాయుడు ఒక చెయ్యి బొజ్జ మీద పెట్టుకుని, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి ధాన్యం బస్తాలా ఉంటాడు.

"ఒరే బుచ్చీ!" అంది దాలమ్మ. "మా నీళ్ళు మాకు వదులు. మా వెనక ఎవరున్నారో చూసుకో!"

"ఎవరే?" అన్నాడు నాయుడు.

దాలమ్మ చూపిద్దామని వెనక్కి తిరిగింది. ఆవిడ తిరగగానే ముగ్గురూ పరుగెత్తి మళ్ళీ ఆవిడ వెనక్కి చేరారు. ఇటు తిరిగింది. అటు పరుగెత్తారు. అటు తిరిగింది. ఇటు పరుగెత్తారు.

"ఎక్కడ చచ్చార్రా?"

"నీ వెనకే అత్తా! కదిలితే ఒట్టు!" అన్నాడు పైడయ్య రొప్పుతూ.

గానుగెద్దుల్లా ముగ్గురూ ఆవిడ చుట్టూ తిరుగుతుంటే బుచ్చంనాయుడు నవ్వలేక గొడుగు వదిలేశాడు. "ఇదా మీ అండ? ఓట్లు పెట్టించడానికొచ్చారటగా, పెట్టండి! నేనూ నిలబడతాను. నాకెదురుగా చెయ్యెత్తే మొనగాడెవడో చూస్తాను," అన్నాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటలో నిజముంది. భయం అలాంటిది.

గవరయ్య మాత్రం చెయ్యి పైకెత్తి ఆపాడు. "నాయుడూ, ఏమన్నావు?"

"నిలబడతానన్నాను."

"మరి కూర్చున్నావేం?"

"అంటే, ఓట్లకి నిలబడతానని..."

"ఓట్లకి నిలబడ్డా, బండికి నిలబడ్డా నిలబడటం నిలబడటమే. లే! మనిషన్నాక మాట మీద నిలబడాలి."

"ఆ మాట ఎక్కడుందన్నా?" అన్నాడు పైడయ్య చుట్టూ వెతుకుతూ. "చూపిస్తే దాని మీద నిలబెడతాను."

మాట కనబడలేదు. కాబట్టి అందరికీ కనబడేలా నాయుణ్ణి తెచ్చి ఎండిపోయిన కాలవ నడుమ నిలబెట్టారు. నవ్వుతూనే వచ్చాడు నాయుడు. దాలమ్మ గట్టు మీద నిలబడింది.

"ఇక కుర్చీ దించాలి," అంది మాణిక్యం. "పెద్దాయన మరీ మరీ చెప్పాడు."

ఇంకేముంది, ముగ్గురూ ఖాళీ కుర్చీని పట్టుకున్నారు. రాలేదు. మళ్ళీ లాగారు. రాలేదు. "ఐలేసా!" అని మూడోసారి లాగేసరికి కుర్చీ వచ్చింది. కుర్చీతోపాటు తూము పలక వచ్చింది. పలక వెనక చెరువొచ్చింది.

నీళ్ళు ఒక్కసారిగా కాలవలో పడ్డాయి. నాయుణ్ణి దొర్లించుకుంటూ తీసుకెళ్ళి మలుపు దగ్గర ఒండ్రుమట్టిలో మెడదాకా దింపాయి. చీమలవాగు జనం ఒక్క క్షణం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. మరుక్షణం పలుగులూ పారలూ పట్టుకుని నారుమళ్ళకేసి పరుగెత్తారు. ఎవరి మడికి వాళ్ళు గండ్లు తవ్వుతున్నారు. పారలు లేనివాళ్ళు చేతులతోనే మట్టి తోడుతున్నారు. నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. సగం గడ్డమాయన నీళ్ళలో పొర్లాడుతున్నాడు.

ఈ సందట్లో గవరయ్య గట్టెక్కి గొంతెత్తాడు. "నిశ్శబ్దం! ఓట్లు మొదలవుతున్నాయి! దాలమ్మకి వేసేవాళ్ళు చేతులెత్తండి!"

చేతులన్నీ బురదలో ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.

"దాలమ్మకి సున్న. బుచ్చంనాయుడికి వేసేవాళ్ళు?"

మలుపు దగ్గర నాయుడు రెండు చేతులూ పైకెత్తి, "చచ్చానురోయ్! లాగండ్రోయ్!" అని ఊపుతున్నాడు.

పైడయ్య జాగ్రత్తగా చూశాడు. "రెండన్నా."

"రెండుకి సున్న తేడాతో బుచ్చంనాయుడే గెలిచాడహో!" అని గవరయ్య దండోరా వేశాడు. మాణిక్యం బంతిపూలు తెంపుకొచ్చి, మునుగుతున్నవాడి తల మీద జల్లింది.

దాలమ్మ కుర్చీకి కట్టిన తాటినార తాడు తీసుకుని నెమ్మదిగా మలుపు దగ్గరికెళ్ళి కూర్చుంది.

"బుచ్చీ, నువ్వు పుట్టేటప్పుడు కూడా ఇంతేరా. ఎదురుకాళ్ళతో అడ్డం తిరిగి, మీ అమ్మనీ నన్నూ చంపుకుతిన్నావు. అప్పుడూ నేనే లాగాను."

"ఇప్పుడూ లాగు దాలమ్మత్తా!"

"నీళ్ళు వంతులవారీగా ఇస్తావా?"

"ఇస్తాను."

"తూము పలక ఊరి చేతిలో ఉంటుందా?"

నాయుడు తటపటాయించాడు. బురద గడ్డం దాటి పెదవి తాకింది.

"ఉంటుంది, ఉంటుంది!"

"నాకు చెవుడురా. వాళ్ళందరికీ వినబడేలా చెప్పు."

నాయుడు అరిచిన అరుపు అవతలి గట్టుకి వినబడింది. అప్పుడు జనమంతా వచ్చి తాడు పట్టి లాగారు. నాయుడు 'ప్లక్' మని ఊడొచ్చాడు. ఊళ్ళో అందరి ముందూ ఒంటి నిండా బురదతో నిలబడేసరికి, అతనంటే ఇన్నాళ్ళూ ఎందుకు భయపడ్డామో ఎవరికీ గుర్తురాలేదు. "పలక దాలమ్మ దగ్గరుండాలి," అన్నారు ఎవరో. బురద చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"చెల్లవు!" అన్నాడు గవరయ్య. "ఓట్లు ఎప్పుడో అయిపోయాయి." అతని మాట ఎవరూ వినిపించుకోలేదు.

దాలమ్మ ముగ్గురికీ కడుపునిండా అంబలి పోసి, చేతులు జోడించింది. "మీ మేలు మరవం నాయనా. ఇక వెళ్ళిరండి. వెళ్ళండి చాలు, మళ్ళీ రానక్కర్లేదు."

పొలిమేర దగ్గర బుచ్చంనాయుడు ఎదురయ్యాడు. చెవుల్లోంచి ఇంకా బురద కారుతోంది. మనిషి మాత్రం తేనెలా మాట్లాడాడు.

"గవరయ్యగారూ, నేనెంత, నా కుర్చీ ఎంత! అదుగో, ఆ ఇప్పచెట్టు మీద ఒక రాణి ఉంది. వేలమంది పొద్దస్తమానం చాకిరీ చేసి తెచ్చిపెడితే, కదలకుండా కూర్చుని తింటుంది. ఆ రాజ్యంలో ఒక్కనాడు ఓటన్నది లేదు. మీలాంటి తెలివైనవాళ్ళకి అది కదా పని!"

"అయ్యయ్యో! ఇంత దగ్గర్లో ఇంత అన్యాయమా!" అంది మాణిక్యం కళ్ళొత్తుకుంటూ.

అంతే. ముగ్గురూ ఇప్పచెట్టు కిందికి చేరారు. పై కొమ్మకి చాటంత తేనెపట్టు వేలాడుతోంది. గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఓ ఈగల్లారా! ఎన్నాళ్ళీ చాకిరీ? లేవండి!"

లేవలేదు.

"పాపం, భయపడుతున్నారు. ముందు రాణిని దించుదాం," అని పైడయ్య ఒక పొడుగాటి వెదురు తెచ్చి పట్టు నడుమ ఒక్క పోటు పొడిచాడు.

ఇంకేముంది, ప్రజలు లేచారు.

ఏనుగులపాడు చేరేసరికి ముగ్గురి మొహాలూ మూడు బూడిదగుమ్మడికాయలు. కళ్ళున్నచోట గీతలు, ముక్కున్నచోట ముంత. ఊరిపెద్ద అప్పలస్వామి చూసి బెదిరిపోయాడు.

"ఎవరయ్యా మీరు? ఏ ఊరు?"

"మేమే పెద్దయ్యా! రెండు రాజ్యాల్లో ఓట్లు పెట్టించి వస్తున్నాం," అన్నాడు గవరయ్య ఉబ్బిన పెదాల సందులోంచి. "మొదటి రాజ్యం వాళ్ళకి ఇంకా తెలివి రాలేదు. రెండో రాజ్యం ఉంది చూడండి, ఏం జనం! ఏం జనం! ఒక్కరంటే ఒక్కరు ఇంట్లో కూర్చోలేదు. మేం పరుగెత్తినా వెంటపడి మరీ వేశారు."

"ఎవరికి వేశారు?"

ముగ్గురూ అరుగు మీద కూర్చుని ఒకరి దద్దుర్లు ఒకరు లెక్కపెట్టుకున్నారు. పైడయ్యకి అరవై నాలుగు. గవరయ్యకి ఎనభై ఒకటి. మాణిక్యానికి నూట పన్నెండు. మాణిక్యం సిగ్గుపడింది. ఆ మొహంలో సిగ్గు ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు గానీ, పడింది.

"వదినా, నువ్వు గెలిచావు!" అన్నాడు పైడయ్య.

"ఎన్నుకున్నాక కూర్చోకపోతే జనం ఏమనుకుంటారు?" అంది మాణిక్యం.

మర్నాడు పొద్దున్నే మాణిక్యం పట్టుచీర కట్టుకుంది. ఇప్పచెట్టుకి నిచ్చెన వేసి గవరయ్య ఒక పక్క, పైడయ్య ఒక పక్క గట్టిగా పట్టుకున్నారు. మాణిక్యం ఒక్కో మెట్టే ఎక్కుతూ తేనెపట్టు దగ్గరికి చేరింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మెల్లగా వెనక్కి తిరిగి దాని మీద కూర్చుంది.