పొరుగింటి అటక మీద మూట

పేరయ్య సిద్ధాంతిగారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు చిలక్కొయ్యనున్న పైపంచె తీసి భుజాన వేసుకునేవారు. పంచె భుజానికెక్కిందంటే అడిగినవాడు ఆయన వెంట ఎక్కడికో నడవాలన్నమాటే. శిష్యుడు నరహరికి ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ మంగళవారం పొద్దున్న అడక్కుండా ఉండలేకపోయాడు.

“గురువుగారూ, నా మనసుకి కుదురు లేకుండా పోయింది. ఏ జపం చేస్తే కుదుటపడుతుంది?”

ఊరికే అడిగిన మాట కాదది. అంతకుముందు ఏడు పంచాంగంలో నరహరి ఒక ఏకాదశిని లెక్క తప్పి మర్నాటికి జరిపాడు. ఊరు ఊరంతా ద్వాదశినాడు కడుపు మాడ్చుకుంది. తెలిశాక జనం పడీ పడీ నవ్వారు, కొన్నాళ్ళు ‘నరహరి ఏకాదశి’ అని ఆటపట్టించారు, ఆ తర్వాత మరిచిపోయారు. మరవనివాడు నరహరి ఒక్కడే. అప్పట్నుంచీ అతని చేతిలో ఏ లెక్కా తెగదు. గవ్వలు పరుస్తాడు, గుణిస్తాడు, సరిగ్గానే వస్తుంది. చెరిపేసి మళ్ళీ పరుస్తాడు. అన్నం సయించదు, కంటికి కునుకు రాదు. చూస్తే ఉగాది దగ్గర పడుతోంది, కొత్త పంచాంగం సగంలో ఉంది. ప్రాణంగా నేర్చుకున్న విద్యని వదిలేసి పోదామా అన్నంతవరకూ వచ్చాడు పాపం.

పోనీ నాలుగూళ్ళు తిరిగొస్తే బాగుంటుందని దసరాల్లోనే ప్రస్థానం పెట్టుకున్నాడు కూడా. మంచి ఘడియలో మూట కట్టి పొరుగింట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే లెక్క; మనిషి తర్వాత వీలు చూసుకుని బయల్దేరొచ్చు. ఆ వీలే చిక్కలేదు. ఒకనాడు వర్జ్యం, ఒకనాడు వారశూల, అన్నీ కుదిరిననాడు పిల్లి ఎదురు! శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది అతని పని. మూట మాత్రం పొరుగింటి సుభద్రమ్మగారి అటక మీద హాయిగా ఉంది.

సిద్ధాంతిగారు పంచె భుజాన వేసుకున్నారు. “పద.”

“ఎక్కడికండీ?”

“నాకు తెలిస్తే కదా నీకు చెప్పడానికి!”

గడప దాటుతూనే ఆయన ఫెడీమని తుమ్మారు. ఒంటి తుమ్ము! నరహరి గడప లోపలే ఆగిపోయాడు. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరదామన్నాడు.

“తుమ్మింది నా ముక్కు. కూర్చోవాలనుంటే దాన్ని కూర్చోమను,” అంటూ ఆయన వీధిలోకి దిగిపోయారు.

గోదావరి రేవులో ఒక పడవ కదలబోతోంది. ఎక్కడికని కూడా అడక్కుండా ఎక్కేశారు. అది ఉత్తరపు లంకకి పోయే పడవని తెలిసి నరహరి ఒడ్డు మీదే నిలబడిపోయాడు. “గురువుగారూ, మంగళవారం, ఉత్తరానికి శూల! పైగా పాడ్యమి!”

“పంచాంగం రాసేవాణ్ణి, నాకు తెలీదుటరా? ఎక్కు.”

ఎక్కాడు. కాసేపు ఎండపొడ చూసి లగ్నం లెక్కవేస్తూ కూర్చున్నాడు. ఈలోగా పక్కనున్న ముసలమ్మ ఒళ్ళోని మేకపిల్ల అతని ఉత్తరీయం కొసని శుభ్రంగా నమిలేసింది. ముసలమ్మ లబలబలాడింది. నరహరికి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. లగ్నం లెక్క ఎక్కడ వదిలాడో తర్వాత గుర్తే రాలేదు.

లంకలో పుచ్చతోట కాపు గంగరాజు వాళ్ళని చూసి ఎదురొచ్చాడు. కాయ కోసి చేతుల్లో పెట్టాడు. మోచేతుల దాకా రసం కారుతున్నా తుడుచుకోకుండా నరహరి ఆవురావురుమని తిన్నాడు. తిని, అక్కడే ఇసకలో పాక నీడన నడుం వాల్చాడు. ఎన్నాళ్ళ నిద్రో, నోరు తెరుచుకుని గుర్రుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా గంగరాజు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఆయ్, పంతులుగారండీ, కొత్త పడవ చేయించానండి. నీళ్ళలో దింపడానికి మంచిరోజు చెబుదురూ.”

నరహరి గురువుగారి వైపు చూశాడు. ఆయన పుచ్చగింజలు ఊస్తూ ఏటికేసి చూస్తున్నారు. గవ్వల్లేవు, పంచాంగం లేదు. నరహరి వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. “వచ్చే గురువారం, దశమి. పొద్దున్నే ఎండెక్కకముందు దింపెయ్యి. దివ్యంగా ఉంది.”

గంగరాజు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాక గాని అతనికి తట్టలేదు, లెక్క రెండోసారి చూడలేదని. పాత భయం కోసం లోపలంతా వెతుక్కున్నాడు. కనబడలేదు. ఆకలి మాత్రం మళ్ళీ వేస్తోంది. అంత సంతోషం వేసి ఎన్నాళ్ళయిందో!

దీపాలవేళకి ఇల్లు చేరారు. సుభద్రమ్మగారు గుమ్మంలోనే పట్టుకున్నారు.

“ఏమయ్యా నరహరీ, ఆ మూట మాటేమిటి? అందులో బియ్యం పురుగు పట్టేట్టున్నాయి. ఇంతకీ నీ ప్రయాణం ఉన్నట్టా, లేనట్టా?”

“ఇచ్చెయ్యండి పిన్నిగారూ,” అన్నాడు నరహరి. మూట చంకనపెట్టుకుని, గురువుగారి వెంట లోపలికొచ్చాడు. “పొద్దున్న నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు.”

సిద్ధాంతిగారు పైపంచె ఇసక దులిపి చిలక్కొయ్యకి తగిలించారు.

“మూట దసరాల్లోనే బయల్దేరింది నాయనా. నువ్వే ఇవాళ బయల్దేరావు.”